నేను కడిగించిన జీనువాయిలు

నా రిటైర్మెంటు సభలో ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ నన్ను "మూగజీవాల తల్లి" అన్నారు. ఏడో ఆయన ఆ మాట అంటున్నప్పుడు ముందు వరసలో కూర్చున్న మా అటెండరు మరియమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. నవ్వుతోందని నాకు తెలుసు. ఆ రోజు బకెట్లో నీళ్లు పోసింది ఆవిడే.

ముప్పై ఏళ్లకు పైగా తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పశువుల డాక్టరుగా పనిచేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు వచ్చి, "మేడమ్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. గేదెల గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. ప్రతి రిటైరైన డాక్టరూ అర్ధరాత్రి వానలో వెళ్లి అడ్డం తిరిగిన దూడని బయటికి లాగినట్టే రాస్తాడు. ఇంతమంది లాగితే జిల్లాలో తిన్నగా పుట్టిన దూడ ఒక్కటైనా ఉందా అని నాకు అనుమానం. నేను మాత్రం బొటనవేలంత పిట్టల గురించి రాస్తాను. నా ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద తప్పు వాటి దగ్గరే చేశాను. ఆ తప్పుకి పిట్టలు చచ్చాయి, ఒక మనిషి జైలుకి వెళ్లాడు, నాకు మెచ్చుకోలు కాగితం వచ్చింది.

మాకు పిట్టంటే కోడి

చదువుకునేటప్పుడు మాకు పిట్టంటే కోడే. కోడికి వచ్చే రోగాలు, కోడికి వేసే టీకాలు, కోడి పెట్టే గుడ్లు. మిగతా పిట్టలు ఆకాశంలో ఉంటాయి కాబట్టి సిలబస్‌లో లేవు. ఆ చదువుతోనే డాక్టర్లమని బోర్డు పెట్టుకుని కూర్చుంటాం.

జీనువాయిలంటే ఏంటో మీలో చాలామందికి తెలియదు. చూసే ఉంటారు, పిచ్చుకలనుకుని వదిలేసి ఉంటారు. పిచ్చుక కన్నా చిన్నవి. వరి గట్ల మీద గడ్డి కంకికి వేలాడుతూ గింజలు ఒలుచుకు తింటాయి. వేలాడినా కంకి విరగదు, అంత తేలిక. ముక్కు మాత్రం పొట్టిగా, లావుగా, గింజ చితక్కొట్టడానికే పుట్టినట్టు ఉంటుంది. పొట్ట మీద చేప పొలుసుల్లాంటి గీతలున్నవి ఒక రకం. తల నల్లగా, ఒళ్లు ఇటుక రంగులో ఉన్నవి ఇంకో రకం. బూడిద, గోధుమ రంగులు కలిసి ఎవరి కంటా పడని తెల్లగొంతువి ఒక రకం. వీటన్నిట్లో ఎర్ర జీనువాయి మగది జోడు కట్టే రోజుల్లో కుంకుమలో దొర్లి లేచినట్టు ఎర్రగా అయిపోతుంది, ఒంటి నిండా తెల్ల చుక్కలు. తాటాకులకు గూళ్లు అల్లుకునే గిజిగాళ్లు వీటికి దగ్గరి చుట్టాలు. చుట్టాల్లో పనితనమంతా గిజిగాడికి పోయింది, అందమంతా వీటికి వచ్చింది. అందం ఉంది కాబట్టే వీటి బతుకు పంజరాల పాలైంది.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. ఎవరు నేర్పారో ముందు ముందు చెబుతాను.

తెనాలిలో టానిక్కు

తెనాలిలో నేను కొత్త. ఒక రోజు బట్టల కొట్టు పెద్దమనిషి ఒకాయన పంజరం పట్టుకుని వచ్చాడు. అందులో ఒకటే పిట్ట, గోధుమ రంగుది, అక్కడక్కడా ఎర్ర మరకలు.

"చూడండమ్మా, దీనికి రంగు దిగిపోతోందండి. కొన్నప్పుడు మిరపపండులా ఉండేది. మా ఆవిడ దిష్టి తగిలిందంటోంది. ఏదైనా ఇంజెక్షన్ ఉంటే చేయండి" అన్నాడు.

అది ఎర్ర జీనువాయి. జోడు కట్టే కాలం అయిపోతే ఎరుపు తీసేసి మామూలు ఈకలు తొడుక్కుంటుంది. దానికి జబ్బూ లేదు, దిష్టీ లేదు. ఈ సంగతి నాకప్పుడు తెలియదు. తెలియదని చెప్పడం అసలే తెలియదు. ముఖం గంభీరంగా పెట్టి, రక్తహీనత అన్నాను. కోళ్లకిచ్చే టానిక్కు రాసి, రోజూ మూడు చుక్కలు నీళ్లలో కలపమన్నాను. ఆయన దండం పెట్టి వెళ్లాడు. కొన్ని నెలలకి కాలం తిరిగి వచ్చి పిట్ట మళ్లీ ఎరుపెక్కింది. అంతే, బట్టల కొట్లో నా పేరు మారుమోగిపోయింది. "రంగు తెప్పించిన డాక్టరమ్మ" అని అంగలకుదురు నుంచి కూడా పంజరాలు రావడం మొదలైంది.

మీరు నవ్వుతున్నారు కదా. నేను నవ్వలేదు, నమ్మాను. నా టానిక్కు వల్లే ఎరుపు వచ్చిందని ఏళ్ల తరబడి నమ్మాను. తెలియని పనికి పేరు రావడం అంత చెడ్డది ఇంకొకటి లేదు.

ఆ ఊళ్లోనే ఇంకో వేడుక కూడా చూశాను. మొక్కు తీరితే పిట్టల్ని కొని కాలవ గట్టు మీద వదిలేవాళ్లు. పుణ్యమట. వదలడానికి పిట్టలు కావాలి కాబట్టి ముందు పట్టాలి. పట్టేవాడు వల వేసి వంద పడితే బజారుకి వచ్చేసరికి సగం మిగిలేవి. ఒకావిడని అడిగాను, "ఎందుకండీ ఇది?" అని. "మూగజీవిని వదిలితే మంచిదండీ, మీరు డాక్టరై ఉండి అలా అడుగుతారేంటి?" అంది. వదిలిన పిట్టల్లో కొన్ని ఎగరలేక గట్టు మీదే కూర్చుండిపోయేవి. కాకులు వాటికోసం ముందే వచ్చి కూర్చునేవి. పుణ్యం చేసినవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు కాదు.

బాపట్లలో బకెట్టు

బాపట్లకు బదిలీ అయ్యాక ఒక డిసెంబరు పొద్దున్నే నలుగురు ఫారెస్టు మనుషులు, ఒక జీపు, మూడు పెద్ద పంజరాలు మా ఆస్పత్రికి వచ్చాయి. పంజరాల్లో తొంభై పైచిలుకు పిట్టలు. చిలకాకుపచ్చవి, నిమ్మపండు రంగువి, గులాబీ రంగువి. చూడ్డానికి బొమ్మల కొలువులా ఉంది. వాటితో పాటు పట్టుబడ్డ మనిషి ఒకడు వరండాలో గోడకానుకుని గొంతుక్కూర్చున్నాడు. సన్నటివాడు, నలభై ఏళ్లుంటాయేమో. నాగులు అని పిలుద్దాం.

అసలు సంగతి ఏంటంటే, అవన్నీ మన జీనువాయిలే. ఎవరూ కొనని గోధుమరంగు వాటిని పట్టి, రంగులు వేసి, ఫారిన్ పిట్టలని అమ్ముతారు. మన పిట్టని పట్టినా అమ్మినా నేరం. పై దేశం పిట్టకి అప్పట్లో ఆ బాధ లేదు. అంటే నాగులు వేసింది రంగు కాదు, పాస్‌పోర్టు.

ఇక మా పెద్ద సారు గురించి చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కాస్త తెలివైనా ఉండేది. ఆయనకి కాగితం మీద ఉన్నదే లోకం. పంజరాల్ని చూసి మొదట ఆయన కనిపెట్టినది ఏంటంటే, మూలన ఉన్న నాలుగు ఎర్ర పిట్టలకి రంగు వేశారని. నిజానికి ఆ నాలుగూ దేవుడు వేసిన రంగుతో ఉన్నవి. మిగతా ఆకుపచ్చవి మాత్రం "ఒరిజినల్ ఫారిన్ లాగే ఉన్నాయమ్మా" అన్నాడు. వరండాలోంచి నాగులు కిసుక్కుమన్నాడు. మా సారుకి ఒళ్లు మండింది.

ఒక పిట్ట రెక్కని తడిగుడ్డతో తుడిచి చూపించాను. గుడ్డకి పచ్చ అంటింది, రెక్క గోధుమరంగులోకి వచ్చింది. అక్కడితో అయిపోవాలి. మా సారు ఒప్పుకోలేదు.

"ఒకటి తుడిస్తే ఒకటే మనదంటారమ్మా లాయర్లు. రిపోర్టులో అన్నీ అని ఉండాలి. అన్నిట్నీ కడిగించేయ్" అన్నాడు.

కాదనడానికి నా దగ్గర చదువు లేదు, ధైర్యం అంతకన్నా లేదు. పైగా రంగు తెప్పించిన డాక్టరమ్మని నేను, రంగు పోగొట్టడం ఎంత పని అనుకున్నాను. బకెట్లో గోరువెచ్చని నీళ్లు, గేదెల్ని కడిగే సబ్బు పొడి. మరియమ్మ నీళ్లు పోస్తుంటే నేనొక్కొక్క పిట్టనీ ముంచి, వేళ్లతో రుద్ది, గుడ్డలో తుడిచి వేరే పంజరంలో వేస్తున్నాను.

"అమ్మగారూ" అన్నాడు నాగులు వరండాలోంచి. "కడగమాకండమ్మా. తడిస్తే బతకవండి. రంగు వల్ల వాటికేం కాదు, అది దానంతటదే పోద్ది. ఈకలు మారతాయిగా."

నేను ఇంకో పిట్టని ముంచాను.

"సబ్బెట్టొద్దమ్మా, దండం పెడతాను. వాటి ఒంటి మీద నూనె ఉంటది, అది పోతే చలికి ఆగలేవు."

"నోరు మూసుకో. రంగులు పూసి హింసలు పెట్టి ఇప్పుడు నాకు వైద్యం చెబుతావా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఈ చేత్తో రాస్తున్న నేనే. మా సారు మెచ్చుకోలుగా తలూపాడు.

మరియమ్మ ఐదో క్లాసు దాటలేదు. ఆవిడ కూడా అంది, "ఏంటమ్మగారూ, పిట్టల్ని బట్టల్లాగ ఉతుకుతున్నాం? ముడుచుకుంటున్నాయి చూడండి" అని. చూశాను. కడిగిన పిట్టలు పంజరం అడుగున ఒకదానికొకటి ఆనుకుని వణుకుతున్నాయి. ఆరతాయిలే అనుకున్నాను. మధ్యాహ్నానికి మొత్తం కడిగేశాం. ఎండ లేదు, సముద్రం మీదనుంచి చలిగాలి. సాయంత్రం పంజరాల మీద గోనెపట్టా కప్పి ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున్న లెక్కపెడితే అరవై ఒకటి చచ్చి ఉన్నాయి.

సాక్షి

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ కొండనాలుకకి కూడా రోగం లేదు. పిట్టల్ని కోసి చూశాను. కడుపులో రంగు లేదు, ఊపిరితిత్తుల్లో రంగు లేదు, గొంతులో రంగు లేదు. అంతకు ముందు రోజు పొద్దున పంజరాల్లో ఒక్కటి కూడా చచ్చి లేదని రాసుకున్నది కూడా నేనే. తడి, చలి. వేరే కారణం లేదు.

మా సారుకి చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "నువ్వు కడిగావని రాస్తావా? నేను కడగమన్నానని రాస్తావా? ఎందుకమ్మా మనకి? రంగులో విషం ఉందని రాయి. వాడు ఎలాగూ దొంగేగా" అన్నాడు.

ఆ చివరి మాటే నన్ను పడగొట్టింది. ఎలాగూ దొంగేగా. దొంగ నెత్తిన ఎంత మోపినా తప్పులేదనిపించింది. "రసాయనిక రంగుల వల్ల మరణించినవి" అని రాసి సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పుడూ గొలుసుకట్టుగా అందంగా ఉంటుంది. ఆ రోజు కూడా అలాగే పడింది.

బతికిన వాటిని వారం తిరక్కుండా సూర్యలంక తీసుకెళ్లి, ఇసుకలో వదిలారు. ఫొటోలో సముద్రం కనబడాలట. గడ్డిగింజ తిని బతికే పిట్టకి సముద్రపు ఒడ్డున ఏముంటుంది? ఉప్పుగాలి, కాకులు. ఫొటో బాగానే వచ్చింది, నేను కూడా అందులో ఉన్నాను.

కోర్టులో నన్ను ఒకటే అడిగారు: పిట్టలు దేనివల్ల చచ్చాయి? రంగువల్ల అన్నాను. జడ్జి గారు నాగుల్ని, చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగారు. వాడు రెండు చేతులూ కట్టుకుని, "పట్టింది నేనేనండి. రంగేసింది నేనేనండి. ఉతికింది నేను కాదండి" అన్నాడు.

కోర్టంతా గొల్లుమంది. వాడేదో తెలివితక్కువగా మాట్లాడుతున్నాడనుకున్నారు. నాగులు నా వైపు చూశాడు, కోపంగా కాదు, ఇప్పుడైనా చెబుతుందేమోనని చూశాడు. నేను బల్ల మీద ఉన్న ఫైలు చూశాను. పట్టినందుకు పడే శిక్ష వేరు, క్రూరంగా అరవై పిట్టల్ని చంపినందుకు పడే శిక్ష వేరు. రెండోదే పడింది. ఆ ఏడాదే మా శాఖ నాకు మెచ్చుకోలు కాగితం ఇచ్చింది. దాన్ని నేను ఫ్రేము కూడా కట్టించాను. అలాంటి మనిషిని ఎవరైనా గౌరవిస్తామంటే వద్దనే చెబుతాను.

రేపల్లెలో మళ్లీ అవే రంగులు

ఉద్యోగం చివర్లో రేపల్లెలో ఉన్నాను. మళ్లీ పంజరాలు వచ్చాయి, మళ్లీ అవే చిలకాకుపచ్చ పిట్టలు, డెబ్బై దాకా. ఈసారి సారు కుర్రవాడు, చేతిలో రెండు ఫోన్లు. "మేడమ్, ఆదివారం పెద్దవాళ్లు వస్తున్నారు. నిజాంపట్నం వైపు బీచ్‌లో రిలీజ్ పెట్టుకుందాం. అప్పటికి క్లీన్ చేయించండి" అన్నాడు. మనుషులు మారతారు, మా శాఖ బుర్ర మాత్రం తరతరాలకీ ఒకటే.

నేను బకెట్టు వైపు చూడలేదు. బస్సెక్కి నాగుల్ని వెతుక్కుంటూ వెళ్లాను.

దొరికాడు. జంపని అనే ఊరి పక్కన ఒక రైతు జొన్నచేలో మంచె మీద ఉన్నాడు. జైలునుంచి వచ్చాక వల ముట్టుకోలేదట. ఇప్పుడు పని ఏంటంటే, పొద్దస్తమానం డబ్బా కొడుతూ జీనువాయిల్ని చేలోంచి తోలడం. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి మంచె దిగి వచ్చి, దూరంగా నిలబడ్డాడు.

"అమ్మగారూ, మళ్లీ కేసేమైనా ఉందాండి?" అన్నాడు.

"లేదు నాగులూ. పిట్టలొచ్చాయి. ఎలా బతికించాలో నాకు తెలియదు."

ఉద్యోగంలో "నాకు తెలియదు" అని నేను అన్న మొదటిసారి అదే. దానికి ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది.

వాడు డబ్బా కిందపెట్టి, "తడిపారాండి?" అన్నాడు.

"తడపలేదు."

"అయితే పదండి."

ఆస్పత్రి వెనక గదిలో వాడు చెప్పినట్టే చేశాం. పంజరాల్లో ఇరుకు తగ్గించి, మూడు పక్కలా పాత చీరలు కట్టాం. అడుగున పొడి ఇసుక, మూలన జమ్ము గడ్డి, తినడానికి కొర్రలు, ఊద కంకులు. తాగడానికి మాత్రమే నీళ్లు, అదీ మునగలేనంత చిన్న మూతలో. ఏ పిట్ట ఏ రకమో, ఏది ముసలిదో, ఏది మొన్న గూడు దిగిందో వాడే చూపించాడు. మొదట్లో మీకు చెప్పిన జీనువాయిల శాస్త్రమంతా ఆ గదిలో నేను వాడి దగ్గర నేర్చుకున్నదే.

"ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాను.

"రెక్క ఈకలు కొత్తవి రావాలండి. రెండు మూడు నెలలు. తొందరపడితే అవి పోతాయి, మీరేం పోరు."

కుర్ర సారుకి కబురు చేశాను, ఆదివారం కుదరదని. ఆయన వచ్చి కేకలేశాడు. "రిలీజ్‌కి ఫిట్ అని ఒక్క సంతకం మేడమ్, అంతే కదా!" అన్నాడు. పెట్టను అన్నాను. పెద్దవాళ్లకి ఏం చెప్పాలి అన్నాడు. డాక్టరమ్మకి మతి చెడిందని చెప్పమన్నాను. మెమో ఇచ్చారు. దాన్ని పంజరం అడుగున పరిచాను, పిట్టలు దానికి తగిన జవాబే రాశాయి.

నాగులు జొన్నచేను పని మానుకుని రోజూ వచ్చాడు. అప్పటికి రేపల్లెకే బదిలీ అయి వచ్చిన మరియమ్మ వాడికి టీ పోసేది, ఇద్దరూ నన్ను చూసి ఏదో అనుకుని నవ్వుకునేవాళ్లు. నెలన్నరకి పచ్చ రెక్కల మధ్య గోధుమరంగు ఈక ఒకటి కనిపించింది. మూడో నెలకి రంగులన్నీ ఇసుకలో రాలిపోయాయి. డెబ్బైలో నాలుగు పోయాయి, మిగతావన్నీ నిలబడ్డాయి. బీచ్ లేదు, బ్యానర్ లేదు. పెద్దవాళ్లు అప్పటికే ఇంకేదో మొక్క నాటడంలో ఉన్నారు. ఒక పొద్దున్న కాలవ పక్కన జమ్ములో పంజరాల తలుపులు తీశాం. ఒక్కసారిగా పోలేదు. నాలుగు, ఆరు, పది. గడ్డి కంకి మీద వాలి, గింజ ఒలుచుకుని, ఆ తర్వాత ఎగిరాయి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అన్నాను, "నాగులూ, ఈ రిపోర్టులో నీ పేరు రాస్తాను. నువ్వే బతికించావని, నువ్వు చెబితేనే నాకు తెలిసిందని రాస్తాను."

వాడు ఖాళీ పంజరం భుజం మార్చుకున్నాడు.

"వద్దులెండమ్మా. నా పేరు ఒకసారి రాశారుగా" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేదాన్ని. నిజంగానే భయపడి అన్నాడు. మా కాగితంలో పేరు పడితే ఏమవుతుందో వాడికి తెలిసినంత నాకు తెలియదు.

అందుకే ఇందులో కూడా వాడి అసలు పేరు రాయలేదు. కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. వరండాలో కూర్చోబెట్టినవాణ్ణి కూడా ఒక మాట అడగండి. తెలియకపోతే టానిక్కు రాయకండి.

ఆ పాత కేసు ఫైలు ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. అడిగితే చెదలు తిన్నదన్నారు. కాబట్టి అందులో రాయాల్సినది ఇక్కడ రాస్తున్నాను. మరణించిన పక్షులు: అరవై ఒకటి. జాతి: జీనువాయి. కారణం: తడి, చలి. కడిగింది నేను.